నొప్పి మాత్రలో బెంజీన్ వలయం
(రేడియో ప్రసంగ పాఠం)



అనంతపురం పీఠభూమిలో వేరుశనగ పెరికే రోజులలో, సందెవేళ ఏ పల్లెలోని చిల్లర అంగడికి వెళ్లినా ఒక సంగతి కంటబడుతుంది. ఉప్పు, చింతపండు, బీడీలు, అగ్గిపెట్టెలతో పాటు అక్కడ నొప్పి మాత్రలు కూడా విడివిడిగా అమ్ముడుపోతుంటాయి. పొద్దు పొడిచినప్పటి నుండి నడుము వంచి పనిచేసిన కూలివారు, బోరు నీటి బిందెలు మోసిన ఇల్లాండ్రు, ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని దినమంతా కూర్చున్న నేతగాండ్రు - అందరికీ ఆ మాత్ర పరిచితమైనదే. దానిని రూపాయి రెండు రూపాయలకు కొంటాము, నీళ్లతో మింగుతాము, మరునాడు మళ్లీ పనికి పోతాము. అది ఎక్కడ పుట్టినది, ఎట్లా తయారైనది, లోపలికి పోయి ఏమి చేస్తున్నది అనే విచారణ మనకు సాధారణంగా ఉండదు. ఆ విచారణ కొంత చేయడమే ఈనాటి ప్రసంగం ఉద్దేశం. ఇది కేవలం కుతూహలం కోసం కాదు. ఆ మాత్ర గుణమూ, దాని దోషమూ రెండూ ఒకే మూలం నుండి వచ్చినవి. ఆ మూలం పేరు బెంజీన్.

బెంజీన్‌ను 1825లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే మొదట వేరుచేశాడు. ఆ కాలంలో దీపాలకు వాడే వాయువును పాత్రలలో అదిమి నింపేవారు. ఆ పాత్రల అడుగున మిగిలిపోయిన నూనెవంటి ద్రవంలో ఆయనకు ఇది దొరికినది. తరువాత బొగ్గు తారు నుండి, నేడు ప్రధానంగా పెట్రోలియం నుండి దీనిని తీస్తున్నారు. చూడడానికి నీళ్లవలె తేటగా ఉంటుంది. ఒక విధమైన తియ్యని వాసన వేస్తుంది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఏళ్ల తరబడి దాని ఆవిరిని పీల్చినవారికి రక్తపు కేన్సరు వచ్చే ప్రమాదం ఉన్నది. మందుకు మూలమైన పదార్థం తాను మాత్రం విషమే.

బెంజీన్ అణువులో ఆరు కర్బన పరమాణువులు, ఆరు ఉదజని పరమాణువులు ఉన్నాయి. ఇంత తక్కువ ఉదజనితో ఇంత కర్బనం ఎట్లా ఇమిడి ఉన్నదో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1865లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కెకూలే, ఆ ఆరు కర్బనాలు గొలుసుగా కాక వలయంగా చేతులు పట్టుకుని ఉన్నాయని ప్రతిపాదించాడు. ఒకటి విడిచి ఒకటిగా జంట బంధాలు ఉన్నాయన్నాడు. అయితే 1929లో కాత్లీన్ లాన్స్‌డేల్ అనే విదుషీమణి బెంజీన్ వలయం గల ఒక స్ఫటికాన్ని ఎక్స్ కిరణాలతో పరీక్షించి, ఆ వలయం చదునుగా ఉన్నదనీ, ఆరు భుజాలూ సమానమనీ నిరూపించినది. అంటే అక్కడ జంట బంధమంటూ, ఒంటి బంధమంటూ విడిగా లేవు.

దీనిని మన ప్రాంతపు ఉపమానంతో చెప్పుకోవచ్చు. ఆరుగురు రైతుల పొలాలు ఒక బావి చుట్టూ ఉన్నవనుకోండి. ఎవరి బావి వారు తవ్వుకొనక, ఆరుగురూ ఒకే ఉమ్మడి బావికి సమాన హక్కుదారులై ఉన్నారు. నీరు ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. బెంజీన్‌లో ప్రతి కర్బనమూ ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను ఆ ఉమ్మడిలో వేసినది. ఆ ఆరు ఎలక్ట్రాన్లూ వలయమంతటా పరచుకుని ఉంటాయి. ఈ సమష్టి ఏర్పాటు వలన ఆ అణువుకు అసాధారణమైన నిలకడ వచ్చినది. కరువు నేలలో ఉమ్మడి బావి విలువ ఎంతటిదో తెలిసిన మనకు, ఆ నిలకడ ఎందుకు వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడినుండే మన కథ మొదలవుతుంది. జంట బంధాలు గల సాధారణ పదార్థాలలో క్లోరిన్ వంటిది వచ్చి చేరితే, అది ఆ బంధాన్ని విప్పి రెండు ప్రక్కలా అతుక్కుంటుంది. దీనిని సంకలన చర్య అంటారు. బెంజీన్ మాత్రం సాధారణంగా దీనికి ఒప్పుకోదు. కొత్తవానిని అట్లా చేర్చుకుంటే ఉమ్మడి బావి చెడిపోతుంది. అందుకని అది వేరొక పద్ధతిని అవలంబిస్తుంది. కొత్తగా వచ్చినవానికి చోటిచ్చి, దానికి బదులుగా ఒక ఉదజనిని పంపివేస్తుంది. వలయం వలయంగానే ఉంటుంది, ఉమ్మడి ఉమ్మడిగానే ఉంటుంది, మెడలోని ఒక పూస మాత్రం మారుతుంది. ఇదే ప్రతిక్షేపణ చర్య. నేటి మందులలో, రంగులలో, పురుగు మందులలో లెక్కకు మిక్కిలిగా ఉన్నవి ఈ ఒక్క గుణం మీద ఆధారపడి తయారవుతున్నాయి.

ఇక నొప్పి మాత్ర చరిత్రకు వద్దాము. 1886లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో కాన్, హెప్ అనే ఇద్దరు వైద్యులు ఒక రోగికి నాఫ్తలీన్ ఇవ్వబోయారు. అంగడివారు పొరపాటున వేరొక సీసా పంపారు. రోగి జ్వరం దిగిపోయినది. ఆ సీసాలో ఉన్నది ఎసిటనిలైడ్ అని తరువాత తేలినది. అది బెంజీన్ వలయానికి ఒక నత్రజని కొమ్మ తగిలించిన పదార్థం. చౌకగా దొరికినందున వెంటనే ప్రచారంలోకి వచ్చినది. కాని దానిని వాడిన కొందరికి పెదవులు, గోళ్లు నీలివారినవి. రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోతున్నదని తెలిసినది. మరుసటి సంవత్సరమే ఫెనాసెటిన్ అనే మరొక మందు వచ్చినది. అది చాలా దశాబ్దాలు చెలామణి అయి, మూత్రపిండాలను చెరుస్తున్నదని రుజువైన మీదట దేశదేశాలలో నిషేధానికి గురి అయినది.

ఈ రెండింటికీ దగ్గరి చుట్టమైన పారాసిటమాల్‌ను అమెరికాలో మోర్స్ అనే రసాయనికుడు 1878లోనే తయారుచేసి ఉన్నాడు. 1893లో వాన్ మేరింగ్ అనే వైద్యుడు దానిని రోగులకు ఇచ్చి చూచి, దీనికీ రక్తాన్ని నీలివార్చే దోషం కొంత ఉన్నదని అభిప్రాయపడినందువలన అది మూలబడినది. అర్ధశతాబ్దం గడచిన తరువాత, 1948లో న్యూయార్కులో బ్రాడీ, ఏక్సెల్రాడ్ అనే శాస్త్రజ్ఞులు ఒక విచిత్రాన్ని కనుగొన్నారు. మనిషి ఎసిటనిలైడ్ మింగితే, శరీరం దాని వలయానికి, నత్రజని కొమ్మకు సరిగా ఎదుటి మూలలో, ఒక ఆమ్లజని కొమ్మను తగిలించి దానిని పారాసిటమాల్‌గా మార్చివేస్తున్నది. నొప్పిని తగ్గిస్తున్నది ఆ మారిన పదార్థమే. రక్తాన్ని చెరచినది వేరొక దారిన పుట్టిన పదార్థం. అటువంటప్పుడు పారాసిటమాల్‌నే నేరుగా ఇస్తే సరిపోతుంది కదా! ఆ విధంగా 1950 దశకంలో పారాసిటమాల్ అంగళ్లకు వచ్చినది. రసాయనశాలలో మనం చేసే పనిని మన కాలేయం తన పద్ధతిలో ముందే చేస్తూ ఉన్నదన్నమాట.

ఇప్పుడు కర్మాగారంలో ఆ పని ఎట్లా జరుగుతుందో చూద్దాము. మనకు కావలసినది ఒక వలయం. దాని ఒక మూలలో ఆమ్లజని కొమ్మ, దానికి సూటిగా ఎదుటి మూలలో నత్రజని కొమ్మ ఉండవలె. ఎదుటి మూలను పారా స్థానం అంటారు. ప్రక్క మూల ఆర్థో, ఒకటి విడిచిన మూల మెటా. పారాసిటమాల్ పేరులోని 'పారా' ఈ స్థానాన్ని సూచించేదే.

మొదటి మెట్టు: బెంజీన్‌లోనికి, కొద్దిపాటి ఇనుప లవణం తోడుగా, క్లోరిన్ వాయువును పంపుతారు. ఒక ఉదజని పోయి, దాని చోట క్లోరిన్ కూర్చుంటుంది. ఇది క్లోరోబెంజీన్.

రెండవ మెట్టు: నత్రికామ్లం, గాఢ గంధకామ్లం కలిపి దానిని ఈ క్లోరోబెంజీన్‌తో చేరుస్తారు. గంధకామ్లం ప్రభావంతో నత్రికామ్లం నుండి ధనావేశం గల నైట్రో ముక్క ఒకటి పుడుతుంది. ఎలక్ట్రాన్ల కోసం అది ఆకలిగొని ఉంటుంది. బెంజీన్ వలయం ఎలక్ట్రాన్ల నిలయం కనుక సూటిగా దానిమీదికి వస్తుంది. క్షణకాలం వలయపు ఉమ్మడి చెదురుతుంది. వెంటనే ఆ మూలలోని ఉదజని తన ఎలక్ట్రాన్లను వలయానికే విడిచి బయటకు పోతుంది, ఉమ్మడి మళ్లీ కుదుటపడుతుంది. ఈ చర్యలో వేడి బాగా పుడుతుంది. చల్లబరచే ఏర్పాటులో లోపం జరిగితే విస్ఫోటనమే.

నైట్రో ముక్క ఏ మూలకు పోతుంది? అప్పటికే కూర్చుని ఉన్న క్లోరిన్ దానిని నిర్ణయిస్తుంది. క్లోరిన్ తన ప్రక్క మూలలకు, ఎదుటి మూలకు దారి చూపుతుంది. ఒకటి విడిచిన మూలకు పోనివ్వదు. ఫలితంగా సుమారు మూడింట రెండు పాళ్లు పారా పదార్థం, ఒక పాలు ఆర్థో పదార్థం వస్తాయి. పారా పదార్థం 83 డిగ్రీల సెంటీగ్రేడు వద్దగాని కరగదు, ఆర్థో పదార్థం 33 డిగ్రీల లోపే కరుగుతుంది. ఈ భేదాన్ని ఆధారం చేసుకుని చల్లార్చి స్ఫటికాలుగా వేరుచేస్తారు. మిగిలిన ఆర్థో పదార్థం రంగుల వంటి ఇతర పరిశ్రమలకు పోతుంది.

ఈ క్రమాన్ని తారుమారు చేస్తే ఏమవుతుంది? ముందు నైట్రో ముక్కను తగిలించి, తరువాత క్లోరిన్‌ను పంపితే? నైట్రో ముక్క స్వభావం వేరు. అది కొత్తవానిని మెటా మూలకు తోస్తుంది. అదే బెంజీన్, అవే ఆమ్లాలు, అదే క్లోరిన్, కాని వచ్చే పదార్థం మనకు పనికిరాదు. పదను చూచి గొర్రు తోలడానికీ, గొర్రు తోలి పదను కోసం ఎదురుచూడడానికీ ఎంత భేదమున్నదో మన రైతుకు తెలుసు. రసాయన శాస్త్రంలోనూ వరుస తప్పితే పంట తప్పుతుంది.

మూడవ మెట్టులో ఇంకొక ముచ్చట ఉన్నది. ఇప్పుడు క్లోరిన్‌ను తీసివేసి ఆమ్లజని కొమ్మను పెట్టవలె. మామూలు క్లోరోబెంజీన్‌ను సోడాక్షారంతో కాచి ఈ పని చేయించాలంటే సుమారు 350 డిగ్రీల వేడి, విపరీతమైన ఒత్తిడి కావాలి. అంత గట్టిగా పట్టుకుని ఉంటుంది ఆ క్లోరిన్. కాని ఎదుటి మూలలో నైట్రో ముక్క ఉన్నప్పుడు 160 డిగ్రీల ప్రాంతంలోనే పని జరిగిపోతుంది. కారణమేమంటే, నైట్రో ముక్క వలయంలోని ఎలక్ట్రాన్లను తన వైపు లాగుకుంటుంది. ఎలక్ట్రాన్లు తగ్గిన ఆ మూలలోనికి ఋణావేశం గల క్షారపు ముక్క సులభంగా ప్రవేశిస్తుంది. అది తెచ్చిన ఆవేశపు భారాన్ని ఎదుటి నుండి నైట్రో ముక్క భరిస్తుంది. మెటా మూలలో ఉంటే ఈ సాయం చేయలేదు. రెండవ మెట్టులో ఎలక్ట్రాన్లను కోరి వచ్చినవాడు చోటు సంపాదించాడు. మూడవ మెట్టులో ఎలక్ట్రాన్లను మోసుకుని వచ్చినవాడు సంపాదించాడు. రెండూ ప్రతిక్షేపణలే, దిక్కులు మాత్రం ఎదురెదురు.

నాల్గవ మెట్టులో నైట్రో ముక్కలోని ఆమ్లజనిని తొలగించి ఉదజనిని చేరుస్తారు. పూర్వం ఇనుప రజను, ఆమ్లం వేసి ఈ పని చేసేవారు. గుట్టలుగా ఇనుప మడ్డి మిగిలేది. ఉత్ప్రేరక లోహం తోడుగా ఉదజని వాయువునే వాడే పద్ధతి దానికంటె శుభ్రమైనది. వచ్చిన పదార్థం పారా ఎమినోఫినాల్. చివరి మెట్టులో, సిర్కాలోని ఆమ్లానికి దగ్గరి చుట్టమైన ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో దానిని కలుపుతారు. నత్రజని మీది ఒక ఉదజని పోయి ఎసిటైల్ ముక్క చేరుతుంది. తెల్లని పారాసిటమాల్ స్ఫటికాలు దిగుతాయి. బెంజీన్‌ను ముందు నైట్రోబెంజీన్‌గా మార్చి, అక్కడినుండి నేరుగా పారా ఎమినోఫినాల్‌కు పోయే మరొక దారి కూడా ఉన్నది.

లెక్క కట్టి చూస్తే, 78 పాళ్ల బెంజీన్ నుండి 151 పాళ్ల పారాసిటమాల్ రావాలి. అనగా మనం మింగే 500 మిల్లీగ్రాముల మందులో ఇమిడిన వలయాలకు కనీసం 258 మిల్లీగ్రాముల బెంజీన్ ఖర్చయి ఉంటుంది. నడుమ పోయే నష్టాలు దీనికి అదనం.

ఈ విద్య మన తెలుగు నేలకు కొత్త కాదు. 1961లో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థ, సోవియట్ దేశపు సహాయంతో హైదరాబాదులో కృత్రిమ ఔషధాల కర్మాగారాన్ని నెలకొల్పినది. అక్కడ పనిచేసి అనుభవం గడించినవారిలో పలువురు తరువాత స్వంతంగా సంస్థలు స్థాపించారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి వారిలో ఒకరు. సంగారెడ్డి జిల్లా బొంతపల్లిలో పారాసిటమాల్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే కర్మాగారం ఉన్నది. 2020 మార్చిలో, కోవిడ్ వ్యాధి ప్రబలుతున్న సమయంలో, మన ప్రభుత్వం పారాసిటమాల్ ఎగుమతిపై కొంతకాలం ఆంక్ష విధించినది. ముడి సరుకులకు మనం చైనాపై ఎంతగా ఆధారపడి ఉన్నామో అప్పుడు అందరికీ తెలిసివచ్చినది. అదే సంవత్సరం పారా ఎమినోఫినాల్‌ను దేశంలోనే తయారుచేసేవారికి ప్రోత్సాహకాలు ప్రకటించారు.

దీనికి మరొక ముఖం కూడా ఉన్నది. పటాన్‌చెరువు ప్రాంతంలో కర్మాగారాల మురుగు చెరువులలో, వాగులలో కలిసి, అక్కడి రైతులు వీధికెక్కి, న్యాయస్థానాల వరకు పోయారు. మందు చౌకగా రావడం మంచిదే. కాని ఒక ఊరి నొప్పి తీర్చే మాత్ర మరొక ఊరి నీటిని చెరచి రాకూడదు. నీటి విలువ తెలిసిన అనంతపురంవారు ఈ మాటను త్రోసిపుచ్చరని నా నమ్మకం.

శ్రోతలారా, ఇక మన ఒంటిలో జరిగే సంగతి. మింగిన పారాసిటమాల్‌లో అధికభాగాన్ని కాలేయం నీటిలో కరిగే రూపంలోనికి మార్చి మూత్రం ద్వారా పంపివేస్తుంది. చిన్న భాగం మాత్రం వేరొక దారి పడుతుంది. ఆ దారిలో వలయం తన ఉమ్మడి ఏర్పాటును పోగొట్టుకుంటుంది. ఆరు ఎలక్ట్రాన్ల సమష్టి విచ్ఛిన్నమై, మామూలు జంట బంధాలు గల పదార్థంగా మారుతుంది. ఉమ్మడి పోయిన ఆ అణువుకు శాంతి లేదు, దొరికిన దానిని పట్టుకుంటుంది. మామూలు మోతాదులో కాలేయం వద్ద ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దానికి అడ్డుపడి శాంతింపజేస్తుంది. మోతాదు మించితే ఆ రక్షకం అయిపోతుంది. అప్పుడు ఆ అణువు కాలేయపు మాంసకృత్తులనే పట్టుకుంటుంది, కణాలు చచ్చిపోతాయి. ఏ నిలకడ వలన బెంజీన్ మందుకు పనికివచ్చినదో, ఆ నిలకడ చెడినచోటనే మందు విషమైనది.

ఇందులో మోసమేమంటే, మొదటి రోజు కొద్దిపాటి వికారం తప్ప ఏమీ తెలియదు. రెండు మూడు రోజులకు గాని కాలేయం దెబ్బతిన్న సంగతి బయటపడదు. విరుగుడు మందు ఉన్నది, దాని పేరు ఎసిటైల్ సిస్టీన్. ఎనిమిది గంటల లోపల ఇస్తే అది చక్కగా పనిచేస్తుంది. అందువలన ఎక్కువ మాత్రలు మింగినట్లు తెలిసిన వెంటనే, బాధ లేదని ఊరుకోక, ఆసుపత్రికి పోవలె.

పెద్దవారు 500 మిల్లీగ్రాముల మాత్రలు ఒకసారికి రెండు మించి తీసుకోరాదు. మళ్లీ తీసుకోవడానికి కనీసం నాలుగు గంటల ఎడం ఉండవలె. రోజు మొత్తానికి ఎనిమిది దాటరాదు. ఇది మేలైన ఆరోగ్యం గలవారికి చెప్పిన గరిష్ఠ పరిమితి. సరిగా తిండిలేక చిక్కినవారిలో, మద్యం అలవాటు గలవారిలో ఆ రక్షక పదార్థమే తక్కువగా ఉంటుంది. వారు ఇంకా తగ్గించి, వైద్యుని అడిగి వాడవలె. పిల్లలకు బరువును బట్టి మోతాదు, ఊహను బట్టి కాదు. జలుబు మాత్రలలో, ఒళ్లు నొప్పుల మాత్రలలో వేరు వేరు పేర్లతో ఇదే మందు ఉంటుంది. రెండు పేర్ల మాత్రలు కలిపి మింగితే మోతాదు రెట్టింపు అవుతుంది. కనుక అట్ట మీద మందు పేరు చదివించుకోవలె.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అనేవి వేరు జాతి మందులు. అవి కూడా బెంజీన్ వలయాల సంతానమే. వాపును తగ్గించడంలో పారాసిటమాల్ కంటె గట్టివి. కాని అవి ఆపివేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలే, ఒంటిలో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందేటట్లు చూస్తుంటాయి. నడివేసవిలో, చెమటోడ్చి, తగినంత నీరు తాగక, పరగడుపున ఈ మాత్రలు మింగి మళ్లీ ఎండలోకి పోతే మూత్రపిండాలకు ముప్పు. మన ప్రాంతంలో దీనిని ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది.

ఇంకొకటి. అనంతపురం ప్రాంతంలో సగటు వాన ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్లు. వాన తక్కువ కనుక బోర్లు లోతుకు పోయాయి. రాతి పొరల నుండి వచ్చే ఆ నీటిలో పలుచోట్ల ఫ్లోరైడ్ హెచ్చుగా ఉన్నది. తెలుగు దేశంలో ఈ వ్యాధిని 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో, షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు గుర్తించి లోకానికి తెలిపారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంతకు మించిన నీరు ఏళ్ల తరబడి తాగినవారికి పండ్లు గారపడతాయి, కీళ్లు బిగుస్తాయి, నడుము వంగుతుంది. ఆ నొప్పికి దినదినమూ మాత్ర మింగేవారు మనలో ఉన్నారు. మాత్ర నొప్పిని పూట సేపు మరపిస్తుంది. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను ఒక్క రేణువైనా తీయలేదు. అటువంటివారికి కావలసినది మరొక అట్ట మాత్రలు కాదు, మంచినీరు. ఊరి బోరు నీటిని పరీక్ష చేయించడం, ఫ్లోరైడ్ లేని నీటిని తాగడానికీ, వంటకూ వాడడం, వాననీటిని నిలవజేసుకోవడం - ఇవి అసలు మందులు.

పది రోజులకు మించి ఒకే చోట నొప్పి నిలిచి ఉన్నదంటే, అది మాత్రతో మాయం చేయవలసినది కాదు, వైద్యునికి చూపించవలసినది. బెంజీన్ వలయాన్ని లొంగదీసుకుని మందు చేసిన రసాయనికులు ప్రతి మెట్టులోనూ వరుసనూ, వేడినీ, మోతాదునూ పాటించారు. ఆ మందును వాడే మనమూ ఆ పాటి నిదానం చూపితే, అది మన ఇంట మేలు చేస్తుంది.